ముప్ఫై ఆరు డిగ్రీల డ్యూటీ

ఆ రోజుల్లో మా భిలాయిలో కాలాన్ని నడిపింది గడియారం కాదు, షిఫ్టు. ఎండ, వాన, చలి అని మూడు కాలాలు మిగతా దేశానికి. మాకు ఎ, బి, సి. పెళ్ళి ముహూర్తం పెట్టడానికి వచ్చిన పంతులుగారు పంచాంగం సంచిలోంచి తీయకముందే "పిల్ల తండ్రిది ఆ వారం ఏ షిఫ్టండీ?" అని అడిగేవాడు. మా మరోదా సెక్టారులో వీధికుక్కలు సైతం, రాత్రంతా సి షిఫ్టు చేసినవాళ్ళు ఇల్లు చేరి పడుకునే వేళకి మొరగడం మానేసి తోకలతో మాట్లాడుకునేవి. (నమ్మకపోతే మీ ఇష్టం. ఆ కుక్కల్లో రెండింటికి రోజూ రొట్టె పెట్టింది నేను, నాకు తెలీదా?) ఇప్పుడు స్మృతి నగర్‌లో సొంత ఇంట్లో ఉంటూ సెల్‌ఫోను చెప్పిన టైముకి లేస్తున్నాను. సెకను తేడా లేని టైమది, కాదనను. కానీ ఆ టైములో ఒకరు వస్తేనే ఇంకొకరు కదలడమనేది లేదు. అదేమిటో, ఆ పద్ధతి మీద ఈమధ్య మరీ బెంగగా ఉంటోంది. బెంగ మొదలైతే నాకు వరసగా గుర్తొచ్చేవి మూడు: ఒక పచ్చటి గుడ్డు, ఒక పసుపురంగు హెల్మెట్టు, ఈల వేయడం రాని మా నాన్న.

నాన్న స్టీలు ప్లాంటులో కోక్ ఓవెన్స్ మనిషి. బొగ్గుని వెయ్యి డిగ్రీల పైన కాల్చి కోక్ తీసే బట్టీలవి. ఆ బట్టీల ముందు ముప్ఫై ఏళ్ళకు పైగా నిలబడీ నిలబడీ ఆయన ఒంటిరంగు, బట్టీరంగు, మా ఇంటి పెనం రంగు ఒకటైపోయాయి. ఆయనకి దేవుళ్ళ మీద ఉన్న నమ్మకం మామూలుదే గాని, ఒక సూత్రం మీద మాత్రం అపారమైన భక్తి: "రిలీవరొచ్చి నిలబడ్డాక మనం లోపల ఉండకూడదు. మన వల్ల ఎవుడూ నిలబడకూడదు." తన తర్వాత డ్యూటీ ఎక్కేవాణ్ణి ఏనాడూ నిమిషం నిలబెట్టలేదు, తన ముందువాణ్ణి నిమిషం ఎక్కువ ఉంచలేదు. ఎక్కేవాడు, దిగేవాడు ఎదురెదురుగా నిలబడి చార్జి మార్చుకోవడం ఆయనకి సంధ్యావందనం. తన పెళ్ళిలో కూడా తాళి కట్టగానే ఒక అడుగు పక్కకి జరిగి, తర్వాత ఎవరా అని వెనక్కి చూశాడని అమ్మ ఆరోపణ.

అలాంటి నాన్న రిటైరవబోతున్న చలికాలం అది. రిటైరైన కొద్ది వారాలకే క్వార్టరు ఖాళీ చేసి, తాళాలు ఇచ్చేసి, స్మృతి నగర్‌లో కట్టుకున్న ఇంటికి వెళ్ళాలి. ఆ క్వార్టరు అలాటైన రాజ్‌నంద్‌గావ్ కుర్రాడు ఒక ఆదివారం వచ్చి నమస్కారం పెట్టి, వేపచెట్టు కింద నిలబడి, కిటికీలు చూసుకుని వెళ్ళాడు. వచ్చే ముందు ఫోన్ చేస్తానన్నాడు. నాన్న ఒప్పుకోలేదు. "తారీఖు చెప్పు. ఆ రోజు పొద్దున్న నీకు ఖాళీ ఇల్లు అప్పగిస్తాను" అని హిందీలో మాటిచ్చేశాడు. మాటిచ్చిన మర్నాడే మామయ్య దిగాడు.

మామయ్య అంటే అమ్మ తమ్ముడు. విజయనగరం చుట్టుపక్కల ఊళ్ళన్నీ ఈమూ పక్షుల మీద పడిన రోజులవి. మనిషంత ఎత్తు, ఎగరలేని పక్షి, గుర్రంలా పరిగెడుతుంది. దాన్ని పెంచినవాడు కూడా అలాగే పరిగెత్తి కోటీశ్వరుడైపోతాడని అందరూ అనుకునేవారు. మామయ్య ఇంటికొస్తే పనసతొనలో, జీడిపప్పో తేవడం ఆనవాయితీ. ఈసారి విశాఖ బండిలో, తువ్వాలు చుట్టిన మూడు గుడ్లు ఒళ్ళో పెట్టుకుని, నిద్రపోకుండా వచ్చాడు. చిక్కటి ఆకుపచ్చ, నలుపుకి దగ్గర. ఒక్కొక్కటి రెండు గుప్పిళ్ళలో పట్టదు. రాయగడలో ఎక్కిన పెద్దావిడ ఒకామె అవి ఏ గుళ్ళోవో అనుకుని తలలోని బంతిపువ్వు తీసి పెట్టిందట. పువ్వు నిజంగానే ఉంది, వాడిపోయి.

"ఏట్రా ఇవి? దోసకాయలేటి?" అంది అమ్మ.

"గుడ్లే అక్కా. ఈమూయి."

"ఓలమ్మ! అదేటి తింటాది?"

"ఏటి పెడితే అదే తింటాది. గుమ్మంలో చెప్పు పెట్టినా తింటాది."

"ఇంట్లో ఒకలున్నారు కదరా అలగ, ఇంకొకటెందుకు?" అంటూ అమ్మ అన్నయ్య వైపు చూసింది. (మా అన్నయ్యకీ అప్పటికే ప్లాంటులో ఉద్యోగం. షిఫ్టుకొక భోజనం చేసేవాడు, ఏ షిఫ్టూ వదలకుండా.) తర్వాత గుడ్డు చేతిలో తూచి, ఒక్కదానితో అట్టేస్తే మా బ్లాకు మొత్తానికి వస్తుందనీ, ఉల్లిపాయలు మాత్రం పక్కింటి వాళ్ళని తెచ్చుకోమనాలనీ లెక్క తేల్చింది. పెనం పొయ్యెక్కుతుండగా నాన్న డ్యూటీ దిగి వచ్చాడు. గుడ్డు అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"దీన్ని పొదిగీడానికి ఎంత టెంపరేచరు కావాలిరా?"

"ముప్ఫై ఆరు డిగ్రీలు బావా."

నాన్న నవ్వాడు. ఆయన నవ్వడం మాకు గ్రహణం లాంటిది, అందరం బయటికొచ్చి చూసేవాళ్ళం. "ముప్ఫై ఆరా? అది వేడేట్రా? మా ఓవెన్ దగ్గర మంచినీళ్ళ కుండ అంతకన్నా వేడిగా ఉంటాది!"

"నవ్వకు బావా. రెండు డిగ్రీలు అటిటైనా పిల్ల దక్కదు. ఇంకో మాట. వీటిల్లో పొదిగేది మగదే. ఆడది గుడ్డు పెట్టీసి దాని దారిన అది ఎల్లిపోద్ది. మగడు తిండీ నీళ్ళూ మానీసి కూకుంటాడు."

అమ్మ అట్లకాడ కింద పెట్టేసింది. "ఏ దేశం పక్షిరా ఇది? ఆడదాని బాధ తెలిసిన దేశం. అట్టు వొద్దు, ఏటీ వొద్దు. పొదగనీ. నేను ఇద్దర్ని పొదిగీసినాను, ఈసారి ఆయన వంతు."

అలా మొదలైంది. థర్మోకోల్ పెట్టె, లోపల బల్బు, మూల గిన్నెలో నీళ్ళు, మూతకి వేలాడే థర్మామీటరు. పెట్టెకి నాన్న గాలి కన్నాలు పెట్టిన శ్రద్ధ చూస్తే, అందులోంచి రేపో మాపో పట్టాలు, దూలాలు ఉత్పత్తవుతాయనిపించేది. గుడ్లని రోజూ కొన్నిసార్లు అటుదిటు తిప్పాలట, లేకపోతే లోపలి పిల్ల పెంకుకి అంటుకుపోతుందట. తిరిగిందో లేదో తెలియడానికి ఒక్కో గుడ్డు మీద పెన్సిల్‌తో గీత పెట్టాం. ఇక తిప్పడానికి మనుషులు. నాన్నది ఒక షిఫ్టు, అన్నయ్యది ఒక షిఫ్టు, కాలేజీ నుంచి వచ్చాక నాది ఒక షిఫ్టు. అమ్మ ముందే విధులు బహిష్కరించింది.

ఇంట్లో ముగ్గురం ఆ పెట్టెకి పనివాళ్ళమైపోయాక నాన్న పద్ధతే పద్ధతి. డ్యూటీ దిగేవాడు వెళ్ళేముందు గుడ్లని అర చుట్టు తిప్పి చార్జి ఇవ్వాలి. ఎక్కేవాడు వచ్చీరాగానే అర చుట్టు తిప్పి చార్జి తీసుకోవాలి. ఎదురెదురుగా నిలబడాలి. "టెంపరేచరు?" "ముప్ఫై ఆరు." "నీళ్ళు?" "పోశాను." "గుడ్లు?" "తిప్పాను." "సరే, నేను తిప్పుతున్నాను. నువ్వు వెళ్ళొచ్చు." నేను కాలేజీకి పరీక్ష ఫీజు కట్టడం మరిచిపోయాను గాని, చార్జి తీసుకోవడం మరిచిపోలేదు. అన్నయ్య మాత్రం స్వభావసిద్ధంగా, చేతికి అందే రెండు గుడ్లే తిప్పి, మూలనున్న మూడోదాన్ని దాని కర్మానికి వదిలేసేవాడు. నాన్న అది ఒకసారి చూసి వాడికి పెట్టిన చివాట్లు వినడానికి పక్క బ్లాకు నుంచి బెంగాలీ ఆంటీ గరిటె చేత్తో పట్టుకుని వచ్చింది. ఆవిడ వెళ్ళాక వాడు మళ్ళీ రెండే తిప్పాడు.

ఇంతలో నాన్న రిటైరయ్యాడు. పూలదండతో, శాలువాతో ఇల్లు చేరాడు. దండ తీసి ఎక్కడ తగిలించాలో తెలియక ఇల్లంతా తిరిగి, చివరికి థర్మోకోల్ పెట్టె మీద వేశాడు. పసుపురంగు హెల్మెట్టు మాత్రం మేకుకి తగిలించి, మర్నాడు ఎ షిఫ్టు వేళకి మామూలుగా లేచి, స్నానం చేసి, బూట్లు వేసుకుని, తలుపు దాకా వెళ్ళి ఆగిపోయాడు. అక్కడ ఆయన్ని చూసింది నేనొక్కదాన్నే. తలుపు గొళ్ళెం మీద చెయ్యి అలాగే ఉంది. కాసేపటికి వెనక్కి తిరిగి, బూట్లతోనే వచ్చి పెట్టె ముందు స్టూలు మీద కూర్చుని "చార్జి ఇయ్యే" అన్నాడు. అప్పుడు నాకు తెలిసింది, అందులో పొదుగుతున్నది గుడ్లని మాత్రమే కాదని. ఆ పిల్లలు పైకొచ్చి తీరాలి. క్వార్టరు తాళాలు ఇచ్చే రోజులోపే రావాలి. సామాను లారీ కుదుపులకి గుడ్డు బతకదని మామయ్య ఫోన్‌లో ముందే చెప్పాడు. నాన్నకి మిగిలిన ఒకే ఒక్క డ్యూటీ అది.

తారీఖు దగ్గరపడుతుంటే గాభరా పుట్టి మామయ్యకి మళ్ళీ ఫోన్ చేశాం. "ఈలెయ్యండి" అన్నాడు. "లోపల పిల్ల బతికుంటే ఈల వినీసి కదుల్తాది. గుడ్డు ఊగుతాది." నాన్న ఈల వేయబోయాడు. కుక్కరు వాషరు పోయినప్పుడు వచ్చే శబ్దం వచ్చింది. ఆయన జన్మలో ఈల వేయలేదు. ఈల వేసేవాళ్ళంతా రోడ్డున పోయేవాళ్ళని ఆయన అభిప్రాయం. అన్నయ్య రెండు వేళ్ళు నోట్లో పెట్టి సినిమాహాలు ఈల వేశాడు. మరోదాలో సగం మంది కిటికీలు తెరిచారు గాని గుడ్లు తెరవలేదు. ఇక నేను. (ఈ విద్య నాకు చిన్నప్పుడే అబ్బింది. ఆడపిల్ల ఈల వేస్తే ఇంటికి అరిష్టమని అమ్మ అట్లకాడతో మాన్పించింది. మానలేదు, పెరట్లోకి మార్చాను.) నేను అమ్మ వైపు చూశాను. అమ్మ గోడ వైపు చూసింది. సన్నగా, పిట్టలా ఒక ఈల వేశాను.

రెండు గుడ్లు రాళ్ళలా ఉన్నాయి. మూలనున్న మూడోది, నిద్రలో పిలిస్తే కదిలిన పసిబిడ్డలా, ఒక్కసారి అటు ఒరిగి ఇటు వచ్చింది.

"మళ్ళీ వెయ్యే!" అని అరిచింది అమ్మే.

మళ్ళీ వేశాను. మళ్ళీ ఊగింది. ఆ రెండూ ఊగలేదు. ఎంత భక్తిగా తిప్పామో, ఏ పూటా లోపం రాలేదే అని నాన్న తల పట్టుకున్నాడు. అప్పుడు అమ్మ చీరకొంగుతో చేతులు తుడుచుకుంటూ అంది: "నాకు తెలీక అడుగుతాను, మీరు వాటిని తిప్పుతున్నారా, దండం పెడుతున్నారా? ఆ రెండింటి మీద గీత ఎప్పుడు చూసినా పైకే ఉంటాదేటి?"

ముగ్గురం ఆ గీతల మీదికి వంగాం. దిగేవాడు అర చుట్టు. ఎక్కేవాడు అర చుట్టు. రెండు అరలు కలిస్తే... ఇన్ని వారాలుగా ముగ్గురం ఎదురెదురుగా నిలబడి, అత్యంత క్రమశిక్షణతో, ఆ గుడ్లని ఎక్కడివక్కడే పెడుతూ వచ్చాం. అన్నయ్య ఎగ్గొట్టిన గుడ్డొక్కటే నిజంగా తిరిగింది. వాడు వారం రోజుల పాటు ఛాతీ ముందుకి పెట్టుకుని నడిచాడు. "చూశావే, నేను పని చెయ్యకపోవడం వల్లే ఒక ప్రాణం నిలబడింది" అని నాన్నకి వినబడేలా నాతో అనేవాడు.

"ముందే చెప్పొచ్చు కదే?" అన్నాడు నాన్న అమ్మతో, పీలగా.

"మీ ప్లాంటు పద్ధతేమో అనుకున్నాను."

ఆ తర్వాత నాన్న చార్జి మాట ఎత్తలేదు. మిగిలిన ఒక్క గుడ్డుని తనే తిప్పుకున్నాడు. ఒకరోజు పొద్దున్న, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, నన్ను పిలిచి, మేకు మీది హెల్మెట్టు వైపు చూస్తూ "ఆ ఈల ఎలగేస్తారే?" అని అడిగాడు. మా నాన్న నాకు సైకిల్ నేర్పాడు, ఫ్యూజు కట్టడం నేర్పాడు, పాము కనబడితే కదలకుండా నిలబడటం నేర్పాడు. నేను ఆయనకి నేర్పింది ఇదొక్కటే. "పెదాలు సున్నాలా పెట్టు నాన్నా. అంత పెద్ద సున్నా కాదు. నాలిక కిందికి." ఆయన బుగ్గలు కొలిమితిత్తుల్లా ఉబ్బేవి. గాలి వచ్చేది, ఉమ్ము వచ్చేది, దగ్గు వచ్చేది. ఈల తప్ప అన్నీ వచ్చేవి. ఇద్దరం ఆ పెట్టె ముందు కూర్చుని నవ్వుకున్న పొద్దుటిపూటలు ఎన్నో నేను లెక్కపెట్టుకోలేదు. అప్పుడు లెక్కపెట్టుకోవాలని ఎవరికి తెలుస్తుంది?

తాళాలిచ్చే రోజు రానే వచ్చింది. పిల్ల రాలేదు. లోపలి నుంచి సన్నటి కూత మాత్రం వస్తోంది, పెంకు మీద బీట పడింది. సామానంతా లారీకెక్కింది. ఖాళీ గదిలో మిగిలింది స్టూలు, పెట్టె, మేకు మీద మరిచిపోయిన హెల్మెట్టు. చెప్పిన టైముకి గేటు దగ్గర చిన్న ట్రక్కు ఆగింది. రాజ్‌నంద్‌గావ్ కుర్రాడు, కొత్త పెళ్ళాం, ఒక మంచం, ఒక తులసికుండీ. రిలీవరొచ్చి నిలబడ్డాడు.

నాన్న లేచాడు. తాళాలు జేబులోంచి తీశాడు. పెట్టె వైపు చూశాడు, తాళాల వైపు చూశాడు. బట్టీ ముందు కూడా తుడుచుకోని చెమట నుదుటి మీద తుడుచుకున్నాడు. గేటు దాకా వెళ్ళి, చెవులు ఎర్రబడిపోతుంటే, నేను అంతకు ముందెప్పుడూ వినని గొంతుతో, "భయ్యా... ఏక్ ఘంటా... రుక్ సకతే హో?" అన్నాడు. ఒక గంట ఆగగలవా అని అడగడానికి ఆ మనిషికి ఉద్యోగమంతా పట్టింది.

కుర్రాడు సంగతి తెలుసుకుని చెప్పులు విప్పి లోపలికొచ్చాడు. "ఏక్ ఘంటా క్యా అంకల్, పూరా షిఫ్ట్ రుక్ జాయేంగే" అని, షిఫ్టు మొత్తం ఆగుతామని, నేల మీదే చతికిలబడ్డాడు. వాడి పెళ్ళాం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని "కతకా బడే అండా హే దాయీ!" అని వాళ్ళ ఛత్తీస్‌గఢీలో ఆశ్చర్యపోయింది. ఇంత పెద్ద గుడ్డు ఆ పిల్లే కాదు, భిలాయే చూసి ఉండదు. అమ్మ లారీ ఎక్కి, మూట విప్పించి, స్టవ్వు దింపించి అందరికీ టీ పెట్టింది. ఇల్లు ఎవరిదో తేలని ఆ ఖాళీ గదిలో, ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ కలిసి ఒక గుడ్డు చుట్టూ కూర్చున్నాం.

కూత ఆగిపోయింది. బీట పెరగలేదు. నేను ఈల వేశాను. కదలిక లేదు. ఇంకోసారి వేశాను. నా నోరు ఎండిపోయింది, గాలి తప్ప రావడం లేదు. అప్పుడు నాన్న పెట్టె మీదికి వంగి, పెదాలు సున్నాలా పెట్టాడు. మొదట కుక్కరు శబ్దమే. తర్వాత దాని వెనకాల, తుప్పుపట్టిన గేటు తెరుచుకుంటున్నట్టు, సన్నగా, వంకరగా, ఒక ఈల.

గుడ్డు ఊగింది. ఊగి, లోపలి నుంచి ఎవరో కాలితో తన్నినట్టు, రెండు చెక్కలైంది. చిలగడదుంపకి చారల చొక్కా తొడిగినట్టు ఏదో తడిగా బయటికి దొర్లింది. పట్టుకోవడానికి గదిలో బుట్ట లేదు, గుడ్డముక్క లేదు, అన్నీ లారీలో ఉన్నాయి. అన్నయ్య మేకు మీది హెల్మెట్టు లాగి కింద పట్టాడు. (జీవితంలో వాడు టైముకి చేసిన మొదటి పని.) పిల్ల అందులో పడింది. కళ్ళు తెరిచి ఈ లోకంలో మొట్టమొదట చూసింది పసుపురంగు.

ఆ కుర్రాడి చేతిలో తాళాలు పెట్టేటప్పుడు నాన్న "లేటైపోయింది, మాఫ్ కర్నా" అన్నాడు. కాని అంత ఆనందంగా క్షమాపణ చెప్పినవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు.

దానికి అప్రెంటిస్ అని పేరు పెట్టాం. ఎందుకంటే హెల్మెట్టు ఎటు వెళితే అటే వెళ్ళేది. హెల్మెట్టు లేకుండా నాన్న కనబడితే ఈయనెవరో అన్నట్టు చూసేది. దాంతో రిటైరైన మనిషి స్మృతి నగర్‌లో హెల్మెట్టు పెట్టుకునే పళ్ళు తోముకునేవాడు, హెల్మెట్టుతోనే కూరగాయలకి వెళ్ళేవాడు. వెనకాల చారల చొక్కాతో అది. కాలనీలో కొత్తవాళ్ళు ఇక్కడ ఏదో కట్టబోతున్నారని నమ్మి, ఎన్నంతస్తులని అన్నయ్యని అడిగేవారు. కొన్ని నెలలకే దాని తల నాన్న నడుము దాటింది. పక్కింటావిడ నుదుటి మీది స్టిక్కరు బొట్టు పొడుచుకు తింది. ఆరేసిన రవికల గుండీలు తింది. అన్నయ్య ప్లేటులోంచి తిన్నరోజున వాడు ఇల్లా అడవా తేల్చమన్నాడు.

దాన్ని తన ఈమూల మందలో కలుపుకోవడానికి మామయ్య వచ్చాడు. అప్రెంటిస్ వ్యానెక్కలేదు. తోశారు, లాగారు, గోధుమలు చూపించారు. నాన్న కాసేపు చూసి, తల మీది హెల్మెట్టు తీసి వ్యానులో పెట్టాడు. అది గంతేసి ఎక్కింది. వ్యాను మలుపు తిరిగేదాకా నాన్న ఉత్త తలతో నిలబడ్డాడు. నెత్తిమీద హెల్మెట్టు అంచు ఒత్తుకున్న గీత, పెన్సిల్‌తో గీసినట్టు, తెల్లగా కనబడింది.

తర్వాత ఒకరోజు మామయ్య ఫోన్ చేసి, అది మందలో కలవడం లేదు, హెల్మెట్టు పక్కనే పడుకుంటోంది, మేత సరిగా ముట్టడం లేదు అన్నాడు. "ఫోను దాని దగ్గర పెట్టు" అన్నాడు నాన్న. పెదాలు సున్నాలా పెట్టాడు. అదే తుప్పుపట్టిన గేటు, అదే వంకర.

అవతలి నుంచి చాలాసేపటికి మామయ్య గొంతు: "బావా... లెగిసింది. లెగిసి, నీకోసం చుట్టూ చూస్తంది."

నాన్న ఫోన్ అన్నయ్య చేతికిచ్చి పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అప్పటినుంచి ఆదివారం ఆదివారం ఆ ఈల విజయనగరం వెళ్ళేది. మేత తినడం మొదలుపెట్టిందట. మందలో కలిసిందట. ఈలకి తల ఎత్తడం మాత్రం మానలేదట. నాన్న కూడా తన చార్జి అప్పగించి వెళ్ళిపోయి చాలా కాలమైంది, తన పద్ధతిలోనే, ఎవర్నీ నిలబెట్టకుండా. నిలబడిపోయింది మేమే.

మొన్న ఏదో పని మీద స్కూటరేసుకుని మరోదా వైపు వెళ్ళాను. వెళ్ళే దారి అది కాదు, అయినా స్కూటరు తిరిగింది. మా క్వార్టరు ముందు ఆపాను. గోడలకి కొత్త రంగు, వేపచెట్టు కింద ఎవరిదో కారు. షుగరుకీ బీపీకీ మాత్రలు మింగే, కళ్ళజోడూ హెల్మెట్టూ పెట్టుకున్న గౌరవనీయురాలైన ఆంటీని నేను. అటు చూశాను, ఇటు చూశాను. పెదాలు సున్నాలా పెట్టాను. మొదట గాలి, తర్వాత దగ్గు, ఆ తర్వాత ఒక ఈల వచ్చింది. నాది కాదు. వంకరగా, తుప్పుపట్టిన గేటులా, అచ్చం ఆయనదే.

కిటికీలోంచి ఒకావిడ తొంగిచూసింది. "కిస్కో బులా రహే హో దీదీ?" ఎవర్ని పిలుస్తున్నారక్కా అని.

"ఎవరినీ కాదమ్మా, చార్జి ఇవ్వాల్సి ఉంటే వచ్చాను" అందామనుకున్నాను. ఆ మాట హిందీలో ఎలా చెప్పాలో తెలియక, నవ్వేసి స్కూటరు తిప్పాను. అర చుట్టే.